పైరు పెంచుటయు, కావలి కాయుటయు

ఏ గ్రామమునకైనను పోయి, పూర్వము బాగుగ బ్రతికి నేడు చితికిపోయిన కుటుంబము లెవ్వి, అవి యేల చితికినవి యని పెద్దల నడిగినచో, దిగుబడి తక్కువైనందున చితికినవని చెప్పువా రరుదు. ఇంటి యజమాని మంచము పట్టెననియు, కాడిలో నొక యెద్దు చచ్చెననియు, పెద్దకూతురి పెండ్లి యప్పు తీరకమునుపే రెండు వానకాలములు తప్పెననియు చెప్పుదురు. మేము సాధారణముగ విత్తనమును గుఱించియు, ఎరువును గుఱించియు, సాళ్ళ యెడమును గుఱించియు చెప్పువారము. ఈ మాసము ఆ సంగతులను ప్రక్కనుంచి, పండిన పంట ఇంట నిలుచుట యెట్లను విషయమును సభ్యుల యెదుట పెట్టదలచితిమి.

చేనిలో పైరు పెంచుట యొక పని. దానిని పందులనుండియు పిట్టలనుండియు కాచుట మఱియొక పని. ఎరువు రెట్టింపు వేసితిని గనుక మంచె కట్టనక్కరలేదని యే రైతును అనడు. కుటుంబముల విషయమున మాత్రము మనమందఱమును అట్లే యనుచున్నాము. ఆదాయము పెంచిన చాలును, లేమి తనంతట తొలగునని తలంచుచున్నాము.

ఈ సంగతిని ఊరూర విచారించి చూచినవారు గలరు. అనిరుద్ధ్ కృష్ణ యను విద్వాంసుడు నల్లగొండ, ఖమ్మము, తూర్పుగోదావరి జిల్లాలలోని 36 గ్రామములలో పెద్దలను సమావేశపఱచి, ఒక్కొక్క కుటుంబము సుమారు ఇరువదియైదేండ్లలో ఏ స్థితినుండి ఏ స్థితికి వచ్చినదో విచారించి, ఫలితములను 2006 వ సంవత్సరమున ప్రకటించెను. పేదఱికమునుండి బయటపడిన కుటుంబముల సంఖ్యకును, క్రొత్తగా అందులో పడిన కుటుంబముల సంఖ్యకును గొప్ప భేదము కానరాలేదు. అంతకంటె ముఖ్యమైనది కారణముల సంగతి. పైకి వచ్చినవారు నీటివసతి వలనను, సేద్యముతోపాటు మఱియొక రాబడిని కల్పించుకొనుట వలనను, ఉద్యోగము దొరకుట వలనను వచ్చిరి. క్రిందపడినవారు రోగముల వలనను, వైద్యపు ఖర్చు వలనను, పెండ్లి మొదలగు కార్యముల వ్యయము వలనను, అధికవడ్డీ యప్పుల వలనను, అనావృష్టి వలనను పడిరి. ఎక్కిన దారి వేఱు, జారిన దారి వేఱు. కావున ఎక్కుటకు నిచ్చెన వేసినంతమాత్రమున జారుట నిలువదు.

మన సంఘములు ఇంతకాలమును నిచ్చెన పనియే ముఖ్యమనుకొనినవి. పంటఋణము, విత్తనము, ఎరువు, వీనితో మన పని తీఱినదని తలంచినవి. సహకారోద్యమము పుట్టుక చూచినచో ఇట్లుండలేదు. 1846-47 శీతకాలమున జర్మనీ దేశములో పంటలు చెడి తిండికి కరవు వచ్చినప్పుడు, వేయర్‌బుష్ అను ప్రాంతమునకు మేయరుగ నుండిన ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ కలిగినవారిచేత ధనము కూర్పించి, ధాన్యము తెప్పించి, ఊరుమ్మడిని రొట్టెలు కాల్చు పొయ్యి కట్టించి, బీదలకు రొట్టెను తక్కువ ధరకు, అప్పుగను ఇప్పించెను. హెడెస్‌డార్ఫ్ అనుచోట ఆయన పరపతి సంఘము నెలకొల్పినది 1864 లో, అనగా సుమారు పదునేడేండ్ల తరువాత. చెన్నరాజధానిలో సర్ ఫ్రెడరిక్ నికల్సను 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక వ్రాసి ఆ పద్ధతిని మన దేశమునకు సిఫారసు చేసెను. 1904 లో మొదటి సహకార పరపతి సంఘముల శాసనము వచ్చెను. శాసనముతో మనకు పరపతి వచ్చినది. రొట్టె మాత్రము సముద్రము దాటి రాలేదు.

దాని ఫల మేమైనదో ఒక లెక్క వేసి చూతము. మూడెకరముల మెట్టగల యొక సభ్యుడు సంఘములో 60,000 రూపాయల పంటఋణము తీసికొనెననుకొందము. విత్తిన నెలకు ఇంటిలో నొకరికి జబ్బు చేసి, ఆసుపత్రికి 40,000 రూపాయలు కావలసివచ్చెను. పంటఋణపు సొమ్ము అటు పోయెను. కాగితముమీద అది ఎరువు, నిజమునకు అది మందులు. చేనికి పైపాటు ఎరువు పడలేదు, కలుపు అదనున తీయలేదు. పంట తగ్గెను. వాయిదా వచ్చునప్పటికి చేత సొమ్ములేక, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి బయట 40,000 తెచ్చి సంఘపు ఖాతా సరిచేసెను. సంఘపు లెక్కలలో ఇతడు మంచి చెల్లింపుదారు. బయటనో, ఏడాదికి వడ్డీయే 14,400 రూపాయలు. రెండేండ్లు తీర్పలేకపోయినచో, చక్రవడ్డీ లేకున్నను, మొత్తము 68,800 అగును. అప్పుడు పాడియావో, కాడియెడ్లో, అరయెకరమో అమ్మకమునకు వచ్చును. నూటికి నూరుపాళ్ళు వసూలైనవని మనము మహాసభలో చదివి చప్పట్లు కొట్టునప్పుడు, ఆ నూరుపాళ్ళలో ఎన్నిపాళ్ళు ఇట్లు వచ్చినవో విచారించిన పాలకవర్గములు మిక్కిలి తక్కువ. మినిట్సు పుస్తకములో అట్టి సభ్యుని మాట యెచ్చటను కానరాదు.

ఈ చిల్లిని పూడ్చుటకు మొదటి సాధనము ఆపద నిధి. ఇది దానము కాదు, సభ్యుల సొంత సొమ్ము. రెండువందల సభ్యులుగల సంఘములో ఒక్కొక్కరు నెలకు 50 రూపాయలు కట్టినయెడల నెలకు 10,000, ఏడాదికి 1,20,000 రూపాయలు చేరును. తిరిగివచ్చు వాయిదాలను లెక్కింపకయే మొదటి యేటనే ఆఱు కుటుంబములకు ఒక్కొక్కదానికి 20,000 ఇయ్యవచ్చును. వడ్డీ నూటికి నెలకు ఒక రూపాయి చొప్పున, అసలు నెలకు వేయి రూపాయల వంతున ఇరువది వాయిదాలలో తీర్చినచో, వడ్డీ మొత్తము 2,100 రూపాయలగును. అవే వాయిదాలలో మూడు రూపాయల వడ్డీకి తీర్చినచో 6,300. ఇదియు గాక, బయటి యప్పునకు ఇట్టి చిన్న వాయిదాలను ఒప్పుకొనువా డుండడు. అసలు ఒక్కమాఱు తెమ్మనును.

ఈ నిధి నడుచుటయు చెడుటయు రెండుమూడు నియమములమీద ఆధారపడియుండును. జబ్బు పాలకవర్గ సమావేశమువఱకు ఆగదు గనుక, అధ్యక్షుడును ఇద్దఱు సభ్యులును కలిసి ఆనాడే మంజూరుచేయు నధికారము కలిగియుండవలెను. పాలకవర్గమువారు తీసికొనిన యప్పులను ప్రతి మాసమును అందఱియెదుట పైకి చదువవలెను. పెండ్లికి ఈ నిధినుండి ఒక రూపాయియు ఇయ్యరాదని మా యభిప్రాయము. పలువురు దీనికి కోపగింతురు. కాని జబ్బునకు ముహూర్తము లేదు, పెండ్లికి గలదు. ఆడపిల్ల పుట్టిననాడే తెలిసిన ఖర్చునకు వేఱుగ పొదుపు ఖాతా తెఱచుకొనవచ్చును. ఆ మార్గము నిచ్చి, ఆపద నిధిని ఆపదకే యుంచవలెను.

నెలనెల చిన్నమొత్తము కట్టుట మావలన కాదని మగవా రనుచుందురు. మన స్త్రీలు దీనిని చేసి చూపిరి. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి యంగళ్ళమీద తిరుగబడగా, ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993 లో సారాయి నిషేధింపబడెను. ఆ వెనుక అదే జిల్లాలో స్త్రీలు దినమున కొక రూపాయి వంతున కూర్చు పొదుపు లక్ష్మి సంఘములు బయలుదేఱినవి. సారాయంగటికి పోవు రూపాయి డబ్బీలో పడెను. అక్కడనుండి పొదుపు సంఘములు తెలుగుదేశపు ప్రతి గ్రామమునకును వ్యాపించినవి. అయితే తేనె యున్నచోటికి చీమలును వచ్చును. ఈ స్త్రీలు ఒకరికొకరు పూచీపడి వాయిదా తప్పక కట్టుదురని చూచి, సూక్ష్మఋణముల కంపెనీలు గ్రామములకు వచ్చినవి. ఒక్క యింటికే నాలుగైదుచోట్ల అప్పు దొరకెను. ఒక వారపు వాయిదా కట్టుటకు మఱియొకచోట అప్పు చేయవలసివచ్చెను. వసూలునకు వచ్చినవారి ఒత్తిడి భరింపలేక ప్రాణములు తీసికొనినవారి వార్తలు పత్రికలలో రాగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి ఆ కంపెనీలను అదుపుచేసెను. అడుగున పొదుపు లేక పైన అప్పుమాత్రమే పెరుగు పద్ధతికి కాపుదల యను పేరు తగదు.

2007 లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకము లుండగా ఈ నిధి యెందులకని కొందఱడుగవచ్చును. శస్త్రచికిత్సలకును పెద్దజబ్బులకును ఆ పథకము చేసిన మేలు గొప్పది. దానిని ఉపయోగించుకొనుటకు కావలసిన పత్రము లేని సభ్యుడు సంఘములో నొక్కడును లేకుండ చూచుట కార్యదర్శి పని. కాని రాకపోకల బండిఖర్చు, రోగి ప్రక్కన కూర్చుండినవాని కూలినష్టము, ఇంటికి వచ్చిన తరువాతి మందులు, ఇవన్నియు అట్టి పథకముల పద్దులలో పూర్తిగ చేరవు. వేలకొలది అప్పులు ఈ చిల్లరనుండియే పెరుగుచున్నవి.

రెండవ సాధనము గింజల నిధి. ఆషాఢ శ్రావణములలో పని యుండును, గాదెలో గింజ యుండదు. ఆ రెండు నెలల తిండికై తెచ్చిన ధాన్యమునకు కొన్నిచోట్ల నాగనియు, కొన్నిచోట్ల నామనియు పేరు. బస్తా తెచ్చినవాడు పంటకాలమున బస్తాన్నర కొలుచు వాడుక యుండెను. అయిదాఱు నెలలకు నూటికి యాబదివంతుల వడ్డీ! నేడు గింజ యప్పు తగ్గినమాట నిజము. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పటినుండి ఆకలి యప్పు చాలవఱకు సడలినది. 2013 నాటి ఆహారభద్రతా శాసనము అర్హులకు తలకు నెలకు 5 కిలోల వంతున ధాన్యము నిర్ణయించినది. నాట్లకాలమున దినమంతయు నడుము వంచు కూలివానికి ఇది నెల పొడుగున చాలదని వేఱుగ చెప్పనక్కరలేదు. అందులో జొన్నలు, సజ్జలు, కందులు తిని పెరిగిన మెట్టప్రాంతమువారికి బియ్యమొక్కటియే చాలదు.

జహీరాబాదు ప్రాంతపు స్త్రీల సంఘములు 1990 దశకములో చేసిన పని యిచ్చట చెప్పదగినది. ఆ సభ్యులలో పెక్కండ్రు దళితస్త్రీలు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో వారు చిన్నరైతుల బీడుపడిన ఎఱ్ఱచెలకలను సాగులోనికి తెప్పించి, దానికై ఇచ్చిన పెట్టుబడిని రొక్కముగ గాక జొన్నలుగ కొలిపించుకొని, ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, కరవు నెలలలో బీదకుటుంబములకు తక్కువ ధరకు అమ్మిరి. ఎవరు బీదలన్న ప్రశ్నను ఆఫీసులో గాక ఊరి నడుమనే అందఱియెదుట తేల్చిరి. ఒక్క యేర్పాటులో బీడు సాగైనది, కూలి దొరకినది, తిండి నిలిచినది. మాకు ఈ పద్ధతిలో మిక్కిలి నచ్చిన దేమనగా, కాపుదలయు అభివృద్ధియు అందులో రెండు శాఖలుగ లేవు.

మన సంఘములు అంత పెద్దగ మొదలుపెట్టనక్కరలేదు. రెండువందల మంది తలకు 20 కిలోల వంతున కళ్ళముమీద కొలిచినచో 4,000 కిలోలగును. నలువది కుటుంబములకు నూఱేసి కిలోలు అప్పిచ్చి, పంటకాలమున నూటపది వంతున తీసికొనినచో ఏడాదికి 400 కిలోలు పెరుగును. తరుగు, ఎలుకలు, కాటావాని కూలి అందులోనే పోవును. ఐగుప్తుదేశమున ఏడు పంటయేండ్లలో ఏడు కరవుయేండ్లకు ధాన్యము దాచిన యోసేపు కథ మాకు చిన్ననాడు బడిలో చెప్పిరి. దానిని వినినప్పుడెల్ల ఆ గింజకు పురుగు పట్టకుండ వారేమి చేసిరోయని మాకు సందేహము కలుగుచుండెను. ఏలననగా గింజల నిధులు చెడునది దొంగలవలన కాదు, తేమవలన. వడ్లు నూటికి 12, 13 వంతులకు మించి తేమ లేకుండ ఆరవలెను. గింజను పంట కొఱికినచో టక్కున విరుగవలెను, మెత్తగ నణగినయెడల మఱి రెండెండలు కావలెను. బస్తాలను నేలమీద వేయక చెక్కలపై పేర్చి, గోడకు జానెడు ఎడమీయవలెను. వేపాకు వేయుట మంచిదే కాని, ఆరని గింజను వేపాకు కాపాడదు. క్రొత్తగింజ రాగానే పాతది ముందు తీసి యియ్యవలెను.

ఇంతవఱకు చెప్పిన రెండు సాధనములకును ఒక హద్దు గలదు. దానిని మఱచిన సంఘము మునుగును. పదిమందిలో నొకనికి వచ్చిన యాపదను తొమ్మండ్రు మోయగలరు. పదుగురకును ఒకేనాడు వచ్చిన దానిని మోయువారెవరు? వాన తప్పినప్పుడు అందఱును నిధికి పరుగెత్తుదురు, కట్టువాడొక్కడు నుండడు. ఆనాడు ఊరికంటె పెద్దదైన ఆధారము కావలెను. పంటల భీమా అందు కొఱకే. దాని ప్రీమియము కట్టుటకును, నష్టము తెలుపుటకును గడువు తేదీలు చాల కొద్దిగ నుండును గనుక సంఘపు గోడమీద వ్రాయించుట మంచిది. దానికంటె బీదలకు ముఖ్యమైనది పని.

1876-78 కరవునాడు చెన్నరాజధానిలో లక్షలమంది చనిపోయిరి. 1877 లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనులలోని మగవాని కూలిలోని ధాన్యపు లెక్కను దినమునకు ఒక పౌనునకు, అనగా అరకిలోకు తక్కువకు తగ్గించెను. దొరతనమువారి వైద్యాధికారియగు డాక్టరు కార్నిష్ అది ప్రాణము నిలుపుటకు చాలదని వాదించెను. బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగము ఆ కరవుకూలివారు త్రవ్వినదే. ఆనాడు పని దయగ నీయబడెను. దయ గనుక తగ్గించుట సులభమయ్యెను. తరువాత నూఱేండ్లకు 1972-73 కరవులో మహారాష్ట్రము పెద్దయెత్తున పనులు పెట్టి, 1977 లో అడిగినవారికి పని యీయవలెనను శాసనము చేసెను. 2005 లో దేశమంతటికిని ఉపాధిహామీ శాసనము వచ్చెను. గ్రామీణ కుటుంబమునకు ఏడాదికి 100 దినముల పనిని హక్కుగ చేసిన ఆ పథకము 2006 ఫిబ్రవరి 2 వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. అడిగిన పదునైదు దినములలో పని చూపనియెడల భృతి యీయవలెనని అందు నియమముండెను. పథకముల పేరులును దినముల లెక్కలును ప్రభుత్వములనుబట్టి మాఱుచుండును. రైతు పట్టుకొనవలసినది అడుగుట యను హక్కును, అడిగినట్లు రసీదును. వాన తప్పినదని తెలిసిన వారములోనే పనికి అర్జీ పెట్టిన యూరిలో ఎడ్లు సంతకు పోవు. నెల ఆలస్యమైనచో సగము కాళ్ళు ఊరు విడిచి వలసపోవును.

ఏ పని కావలెనో నిర్ణయించుటలో సంఘము మాట్లాడవలెను. మా దృష్టిలో చెఱువు పూడిక తీయుటను మించినది లేదు. చెఱువు లోతగును, ఆ మట్టి ఎఱ్ఱచెలకకు పోవును, తోలిన చేను తేమను మునుపటికంటె ఎక్కువ దినములు పట్టియుంచును. 2015 లో తెలంగాణములో మిషన్ కాకతీయ క్రింద చెఱువులలో పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్లు కట్టుకొని మట్టి తోలుకొనిరి. మఱియొక సంగతి. 2006 నుండి ఆంధ్రప్రదేశమున ఉపాధి పనుల మస్టరు పట్టీలను ఊరిసభలో పైకి చదివి, ఎవరిపేర ఎంత కూలి వ్రాసిరో అందఱును వినునట్లు సామాజిక తనిఖీ జరిపిరి. చనిపోయినవారి పేరులు సైతము కూలిపట్టీలలో బయటపడినచోట్లు గలవు. మన సంఘపు అప్పుపుస్తకమును ఏడాదికొకమాఱైనను అట్లు చదివించుటకు మన మేల వెనుదీయుదుము?

కౌలుదారుల మాట చెప్పక ఈ పాఠము ముగియదు. వరిభూములలో దున్నువాడొకడు, పట్టా మఱియొకనిది. పంటఋణము పట్టాకు వచ్చును, భీమా పట్టాకు వచ్చును, నష్టము దున్నినవానికి వచ్చును. 2011 లో ఆంధ్రప్రదేశమున అధీకృత సాగుదారుల శాసనముచేసి కౌలురైతులకు ఋణార్హత పత్రము లిచ్చిరి. భూయజమాని సంతకమునకు జంకుట చేతను, బ్యాంకులు వెనుకాడుట చేతను, దాని ఫలము అందవలసినంత అందలేదు. సహకార సంఘము బ్యాంకువలె ఊరికి కొత్తది కాదు. ఏ చేను ఎవడు దున్నుచున్నాడో దానికి తెలియును. పంటఋణము విషయమున చేతులు కట్టబడినను, ఆపద నిధిలోను గింజల నిధిలోను కౌలుదారును, భూమిలేని కూలివానిని చేర్చుకొనుటకు అడ్డమేమున్నది? ఇద్దఱు సభ్యుల పూచీ చాలును. వీరిని బయటనుంచి, ఉన్నవారే తమలో తాము కాపాడుకొను నిధికి పేదఱికముతో పనిలేదు.

ఇక ఎక్కు దారిని గుఱించి కొద్దిగ చెప్పి విరమింతుము, ఏలననగా దానిని ఈ పత్రికలో తఱచుగ చెప్పుచునే యున్నాము. 1956 లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు పెట్టిన ముల్కనూరు సంఘము అప్పిచ్చుటతో ఆగక, సభ్యుల పంటను తానే కొని, వడ్లమిల్లును, ప్రత్తి జిన్నింగును నడపి, లాభమును సభ్యులకే పంచుచు వచ్చినది. ఆ ప్రాంతపు స్త్రీలే 2002 లో సొంత డెయిరీని నెలకొల్పిరి. పాలసొమ్మునకు గల విశేషమేమనగా, పంటవలె ఏడాదికొకమాఱు గాక మాటిమాటికి చేతికి వచ్చును. నెలకు 50 రూపాయల ఆపద వంతు కట్టలేమను ఇంటిలో ఒక్క పాడిగేదె యున్నచో ఆ మాట వినబడదు. పాలసంఘ మున్నచోట ఈ వంతును పాలబిల్లులోనే విఱుచుకొనుట అన్నిటికంటె సులభము.

ఈ నిధులను ఏర్పాటుచేయ దలచిన సంఘములు మొదట మహాసభలో తీర్మానముచేసి, ఉపనియమముల సవరణను రిజిస్ట్రారునకు పంపవలెను. అది ఆలస్యమగుచోట 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల శాసనము క్రింద వేఱు పొదుపు సంఘముగ నమోదు చేసికొనవచ్చును. ఆపద నిధి సొమ్మును పంటఋణముల ఖాతాతో కలుపక, జిల్లా సహకార బ్యాంకులో వేఱు ఖాతా తెఱచి, ఇద్దఱి సంతకములతో నడుపవలెను. గింజల నిధికి ఖరీఫు కళ్ళములు లేచునప్పుడే తగిన సమయము. ఊరి మానికలు ఇంటింటికి మాఱును గనుక, పోసినప్పుడును తీసినప్పుడును సంఘపు కాటా నొక్కదానినే వాడవలెను. కాటాకు ఆ యేటి ముద్ర యున్నదో లేదో ముందుగ చూచుకొనవలెను.